విలియం బ్రౌన్ గృహం

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, సౌత్ నది ఒడ్డున ఉన్న వలస పాలన కాలపు ఇటుక భవనం. అనాపొలిస్‌కు దక్షిణాన ఎడ్జ్‌వాటర్ వద్ద ఉంది. నివాసంగా, పూటకూళ్ల ఇల్లుగా, ఆపై పేదల ఆశ్రమంగా ఉండి మ్యూజియంగా మారింది.

నేపథ్యం

1683 నాటి చట్టంతో ఇక్కడ లండన్ టౌన్ అనే రేవు వెలిసింది. పొగాకు ఇంగ్లండ్‌కు వెళ్లేది. తిరుగు ఓడల్లో సరుకులు, శిక్షపడిన ఖైదీలు వచ్చేవారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారినీ ఇక్కడ దింపేవారు. దక్షిణం నుంచి అనాపొలిస్ వైపు వెళ్లే బాటసారులు ఇక్కడే పడవ రేవులో నది దాటేవారు. 1747 పొగాకు తనిఖీ చట్టం ఈ రేవుకు తనిఖీ కేంద్రం ఇవ్వకపోవడంతో ఊరు క్షీణించిందని సాధారణంగా చెబుతారు. అయితే పడవ రాకపోకలు ఆ తర్వాతా సాగాయి.

నిర్మాణం

వడ్రంగి పని చేసి, పడవ రేవునూ నడిపిన విలియం బ్రౌన్ ఈ ఇంటిని కట్టించాడు. కాలాన్ని సుమారు 1758–1764గా లెక్కిస్తారు. జార్జియన్ శైలి, రెండంతస్తులు. గోడల్లో ఇటుకల పొడవు వైపు లోపలికి పోయి, పొట్టి చివరలు మాత్రమే బయటికి కనిపిస్తాయి. ఈ వరుసకు ముఖభాగంలో ఇటుకలు ఎక్కువ పడతాయి కాబట్టి దీన్ని యజమాని దర్జాకు గుర్తుగా చూస్తారు. ఆ దర్జా నిలవలేదు. అప్పుల వల్ల ఇల్లు బ్రౌన్ చేజారింది.

ఆశ్రమం

1820లలో ఆన్ అరండెల్ కౌంటీ దీన్ని పేదల ఆశ్రమంగా మార్చింది. 1965 వరకు అలాగే సాగింది. చుట్టుపక్కల ఇళ్లన్నీ మాయమైనా ఇది మిగలడానికి నిర్మాణ ఘనత కంటే ఈ నిరంతర వినియోగమే ప్రధాన కారణమని భావించవచ్చు. పూర్వ ప్రచురణల్లో ఎక్కువగా కనిపించే ‘లండన్ టౌన్ పబ్లిక్ హౌస్’ (పూటకూళ్ల ఇల్లు) అన్న పేరు ఈ ఆశ్రమ దశను కప్పివేస్తుంది.

సందర్శన

1970లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది. ప్రాంగణంలో తోటలు, పునర్నిర్మించిన ‘లార్డ్ మేయర్స్ టెనెమెంట్’, వడ్రంగి షాపు ఉన్నాయి. దగ్గరలోనే రమ్నీ పూటకూళ్ల ఇంటి నేలమాళిగను పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వారు. అక్కడ పారవేసిన చెత్తలో దొరికిన పాత్రలు, సీసాలు బ్రౌన్ ఇంటికంటే ముందు తరానివి. కాబట్టి ఈ రేవులో తిండి, తాగుడు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇంట్లోని అలంకరించిన గదులకన్నా తవ్వకాల సామగ్రి మేలైన ఆధారం.