ధాత కఱవు – గుండ్లకమ్మ యొడ్డు



కష్టకాలమున మనుష్యుని నిలువఁబెట్టునది యేది? ధనమా, బంధుబలమా, దైవభక్తియా? ఈ ప్రశ్నకు శాస్త్రములు చెప్పు సమాధానములు పెక్కులు గలవు. చరిత్ర చెప్పు సమాధాన మొకటి నేఁడు మనవి చేసెదను. ఇది మన యొంగోలు సీమలో, క్రైస్తవ మతమునఁ గ్రొత్తగాఁ జేరిన నిఱుపేదలు ఘోరమైన కఱవును దాఁటిన వృత్తాంతము.

ధాత నామ సంవత్సర మనఁగా క్రీస్తుశకము 1876-77. ఆ యేఁడు మద్రాసు రాజధానిలో వానలు తప్పెను. మఱుసటి యీశ్వర నామ సంవత్సరమునను అదను దప్పెను. మద్రాసు, మైసూరు, బొంబాయి, నిజాము సీమలు నాలుగును దహించుకొనిపోయెను. బ్రిటిషు పాలనలోని ప్రాంతములయందే యేఁబది లక్షలకుఁ బైఁబడి జనులు మరణించిరని యంచనా. సర్కారువారు కఱవు పనులు పెట్టిరి. కాని 1877 లో సర్ రిచర్డ్ టెంపిల్ దొర నిర్ణయించిన కూలి, పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక యణాయు మాత్రమే. ఒక పౌను ఇంచుమించు 450 గ్రాములు. మన్ను మోయువాని కాకూడు చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దొర వాదించెను.

కఱవు అందఱిని సమముగా బాధింపదు. భూమి గలవానికి గాదెలో నడుగు గింజ లైనను నుండును. మాదిగపల్లెలోనివాఁడు కపిలకుఁ దోలుబానలు, రైతునకుఁ జెప్పులు కుట్టి, కళ్ళములో మేర గొలిపించుకొని బ్రదుకువాఁడు. పంటయే లేనప్పుడు కళ్ళ మెక్కడిది, మేర యెక్కడిది? పైఁగా నంటరానితన మొకటి. ఆ పల్లెలలోనే మన కథ ప్రారంభమగుచున్నది.

అమెరికా దేశపు బాప్టిస్టు సంఘమువారి పక్షమున శామ్యూల్ డే యను నతఁడు 1836 లో మన దేశమునకు వచ్చి, 1840 లో నెల్లూరునఁ గుదురుకొనెను. ఏండ్లు గడచినను ఫలము కనఁబడలేదు. ఈ పని మానుకొందమా యని యమెరికాలోని సంఘమువారు పలుమాఱు చర్చించిరి. అట్టి దినములలో, 1854 జనవరి 1వ తేదీ వేకువను, జూయెట్ దొరయు, నతని భార్యయు, తెలుఁగు క్రైస్తవులు మువ్వురును ఒంగోలు ప్రక్కనున్న కొండ నెక్కి, ఈ సీమకు బోధకుని బంపుమని ప్రార్థించిరి. ఐదుగురు మనుష్యులు, నొక చీఁకటి కొండ, అంతే. ఆ కొండకుఁ బిమ్మట ప్రార్థన కొండ యను పేరు వచ్చెను. పండ్రెండేండ్లకుఁ గాని, 1866 లో జాన్ ఎవరెట్ క్లౌ దొర యొంగోలునఁ గాపురము పెట్టలేదు.

ఆ యేఁడే ఎఱ్ఱగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మతోఁ గూడ బాప్తిస్మము పొందెను. ఇతఁడు మాదిగ కులజుఁడు. తోళ్ళ వ్యాపారముమీఁద ఏలూరువఱకుఁ బోయివచ్చెడివాఁడు. అంతకు ముందే గురువు నాశ్రయించి యోగసాధన చేసిన జిజ్ఞాసువు. అక్షరము రాకున్నను ఆత్మ విచారము తెలిసినవాఁడు. అతఁడు తన బంధువులకు బోధింపఁగా, 1867 జనవరిలో నతని యూరి చెంత 28 మంది బాప్తిస్మము పొందిరి. ఈ మతము దొరలవలనఁ గంటె పేరయ్యవంటివారివలన, చుట్టఱికపు దారులవెంట వ్యాపించెనని మనము గ్రహింపవలెను.

క్రొత్తగాఁ జేరినవారికి మూఁడు నియమము లుండెను. విగ్రహముల మ్రొక్కరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, ఆదివారము పని చేయరాదు. జాతరలో డప్పు కొట్టుటయు మానిరి. దీనిచే గ్రామములలోఁ గలహములు పుట్టెను. కొన్ని యూళ్ళ పెద్దలు వారికి నీరు బంధించిరి, కూలికిఁ బిలువరైరి. పెద్దలారా, వారు మనవంటి పెద్దలే. చరిత్ర యితరుల తప్పులను మాత్రమే చూపు నద్దము కాదు. ఆ నిర్బంధమునకు వెఱచి వెనుదిరిగిన వా రుందురు గాక, నిలిచినవారును బెక్కండ్రు. కఱవునకుఁ బూర్వమే వారు కష్టమున నిలుచుట నేర్చిరి.

ఇంతలో ధాత కఱవు వచ్చిపడెను. కృష్ణా డెల్టా కాలువలను మద్రాసు వైపు కాలువతోఁ గలుపుటకై సర్కారువారు కఱవు పనిగాఁ ద్రవ్వించిన కాలువకు, నాఁటి గవర్నరు పేరిట బకింగ్‌హాం కాలువ యని పేరు. క్లౌ దొర యౌవనమున నమెరికాలో భూముల కొలఁత పని చేసినవాఁడు. ఆ విద్య యిప్పు డక్కఱకు వచ్చెను. ఆయన మూఁడు మైళ్ళకుఁ బైఁబడిన కాలువ త్రవ్వకమును గుత్తకుఁ దీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. మతము, కులము విచారింపక పనికి వచ్చినవారికిఁ బని యిచ్చెను. పగలు పార పట్టించిన బోధకుఁడే విశ్రాంతివేళఁ జుట్టు కూర్చుండఁబెట్టి క్రీస్తు కథ చెప్పెడివాఁడు. ఆఁకలికిఁ దోడు విషూచి వ్యాపించెను. ఎందఱో చనిపోయిరి. బోధకుఁడు పరుగెత్తిపోలేదు. రోగి ప్రక్కనే యుండెను. భయపడిన మనుష్యునికి నీ కంటె పెద్ద ధైర్య మేమి కావలయును?

ఇప్పు డొక విషయము జాగ్రత్తగా వినుఁడు. ఆ కఱవులో వేలకొలఁది జనులు బాప్తిస్మ మిమ్మని యడిగిరి. క్లౌ దొర యీయలేదు. తిండికై వచ్చినవాఁ డెవఁడో, నమ్మి వచ్చినవాఁ డెవఁడో తెలియదు గావున, ఇంచుమించు పదునైదు నెలలు బాప్తిస్మములను నిలిపివైచెను. 1878 లోఁ గఱవు సడలెను. సహాయధన మయిపోయినది, ఇంక నిచ్చుట కేమియు లేదు అని పల్లెలకుఁ గబురు పంపెను. అయినను జనులు వచ్చిరి. మాకు సొమ్ము వలదు, సంఘములోఁ జేర్చుకొనుఁడు అని పట్టుపట్టిరి.

ఒంగోలునకు సుమారు పది మైళ్ళ దూరమున, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కలదు. 1878 జూలై 2వ తేదీన నచ్చట 614 మందియు, 3వ తేదీన 2222 మందియు, 4వ తేదీన 700 మందియు నదిలో మునిఁగి బాప్తిస్మము పొందిరి. మూఁడు దినములకు 3536 మంది. బాప్తిస్మ మిచ్చినవా రాఱుగురును దెలుఁగు బోధకులే. ఇద్దఱిద్దఱు చొప్పున వంతులు మార్చుకొనుచు నీట నిలిచిరి. ఆ సంవత్సరాంతమునకు మొత్తము 9606 మంది యైరి.

దీనినిగూర్చి రెండు వాదములు గలవు. కూటికొఱకు మతము మార్చుకొనిరని యొకటి. కేవలము దైవలీల యని యొకటి. కూటికొఱకే యైనచో, కూడు దొరకు దినములలో వాకిలి మూసియుండెను. కూడు లేదని చెప్పిన పిమ్మటనే తెఱవఁబడెను. కావున మొదటి వాదము నిలువదు. అట్లని కృతజ్ఞతయు, మనుష్యులుగా గౌరవింపఁబడవలె నను కోరికయు, బంధువుల త్రోవను బోవుటయు నందు లేవనుటయు సత్యము గాదు. మనుష్యుని విశ్వాసము గాలిలో మొలవదు. అన్నము పెట్టిన చేతిని, కన్నీరు తుడిచిన మాటను జూచియే మొలచును. అంతమాత్రమున నది కల్ల కానేరదు.

మఱి యా విశ్వాసము వారికిచ్చిన బల మేది? వాన కుఱిపింపలేదు. మృతులను బ్రదికింపలేదు. నీవు లెక్కకు రానివాఁడవు కావు, నీ కష్టము నెఱిఁగిన దేవుఁ డొకఁడు గలఁడు, ఆయన కుమారుఁడే యాఁకలిని, అవమానమును, మరణమును జవిచూచెను అని చెప్పెను. తరతరములుగా ఎవరును జెప్పని మాట యది. ఆ మాటను జెప్పినవాఁడు తన పల్లెవాఁడే, తన భాషలోనే చెప్పెను. పిదప ఆ పల్లెలలో బడులు వెలసెను. వెనుక వేలిముద్ర వేసిన యింట, కొడుకు పుస్తకము చదువఁగా తల్లి వినెను. బడిపంతులుగా జీవితము గడపిన నాకు, నదిలో మునిఁగిన 2222 అను సంఖ్య కంటె నిదియే గొప్పగాఁ దోఁచును.

మన మే మతమువార మైనను, కష్టములోనున్నవానికి దైవమునుగూర్చి చెప్పఁబూనినప్పుడు ఈ రెండు సంగతులు మఱవరాదు. ముందు వాని చేతికిఁ బని, కడుపునకుఁ గూడు చూపవలెను. ఆ కూటికి వాని విశ్వాసమును వెలగాఁ గోరరాదు. ఇట్లు జరిగిన చోట భక్తి నిజముగా బల మగునని గుండ్లకమ్మ యొడ్డున నడచిన చరిత్ర సాక్ష్య మిచ్చుచున్నది.