సొరాఫెనిబ్ తప్పనిసరి లైసెన్సు

సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ ఔషధాన్ని పేటెంటుదారు సమ్మతి లేకుండానే తయారుచేసి అమ్మడానికి నాట్కో ఫార్మా సంస్థకు 2012 మార్చి 9న భారత పేటెంట్ల కంట్రోలరు పి.హెచ్.కురియన్ ఇచ్చిన అనుమతిని సొరాఫెనిబ్ తప్పనిసరి లైసెన్సు అంటారు. 2005లో ఔషధాలకు ఉత్పత్తి పేటెంట్లు తిరిగి అమలులోకి వచ్చిన తరువాత దేశంలో ఇటువంటి లైసెన్సు మంజూరు కావడం ఇదే ప్రథమం. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నాట్కోను గుంటూరు జిల్లాకు చెందిన నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో స్థాపించాడు.

వ్యాధి, ఔషధం

ముదిరిన కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు ఈ మందును వాడతారు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యపానం కాలేయ క్యాన్సర్‌కు ముఖ్య కారణాలు. సరిగా ఎండని మిరపకాయలలో, వేరుశనగలో పెరిగే బూజు నుండి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా ఒక కారణం. అందువలన గుంటూరు, ప్రకాశం జిల్లాల వంటి మిరప ప్రాంతాలలో కాయలను బాగా ఎండబెట్టి నిలువచేయడం ఆరోగ్యరీత్యా కూడా అవసరం.

సొరాఫెనిబ్ క్యాన్సర్ కణాల పెరుగుదలను, గడ్డకు రక్తమందించే కొత్త రక్తనాళాల ఏర్పాటును నిరోధిస్తుంది. 602 మంది కాలేయ క్యాన్సర్ రోగులపై జరిగి 2008లో ప్రచురితమైన షార్ప్ పరీక్షలో, ఈ మందు వాడినవారి మధ్యగత జీవితకాలం 10.7 నెలలు కాగా, ఉత్తుత్తి మాత్ర వాడినవారిది 7.9 నెలలు. ఇది వ్యాధిని పూర్తిగా నయం చేయదు. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొక్కడం దీని దుష్ఫలితాలలో ఒకటి. పత్తి తీత, మిరప కోత వంటి చేతి పనులు చేసేవారికి ఇది ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది.

ధర, తీర్పు

జర్మనీకి చెందిన బేయర్ సంస్థకు ఈ మందుపై 2008 మార్చిలో భారత పేటెంటు లభించింది. నెలకు సరిపడే 120 మాత్రల ధర అప్పట్లో సుమారు 2,80,000 రూపాయలు ఉండేది. నాట్కో 2011లో లైసెన్సుకు దరఖాస్తు చేసింది. పేటెంట్ల చట్టం 84వ సెక్షను ప్రకారం మూడు కారణాలలో ఏ ఒక్కటి రుజువైనా లైసెన్సు ఇవ్వవచ్చు. అవి:

* ప్రజల అవసరాలు సమంజసంగా తీరకపోవడం
* ధర అందుబాటులో లేకపోవడం
* పేటెంటు దేశంలో వినియోగంలోకి రాకపోవడం

పరిశోధన వ్యయం వలన ఆ ధర తప్పదనీ, పేదలకు తాము రాయితీ పథకం నడుపుతున్నామనీ బేయర్ వాదించింది. కంట్రోలరు మూడు కారణాలూ రుజువైనట్లు నిర్ణయించాడు. నెల మందును 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలనీ, అమ్మకాలపై 6 శాతం రాయల్టీ చెల్లించాలనీ, ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలనీ షరతులు విధించాడు.

అప్పీళ్ళు

2013 మార్చిలో మేధోసంపత్తి అప్పీళ్ళ బోర్డు తీర్పును సమర్థిస్తూ రాయల్టీని 7 శాతానికి పెంచింది. 2014 జూలైలో బొంబాయి హైకోర్టు కూడా సమర్థించింది. అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు బేయర్ పిటిషన్‌ను తోసిపుచ్చింది.

తరువాతి పరిణామాలు

రక్త క్యాన్సర్ మందు డసాటినిబ్ కోసం బీడీఆర్ సంస్థ పెట్టుకున్న దరఖాస్తు 2013లోను, మధుమేహపు మందు సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాదుకు చెందిన లీ ఫార్మా పెట్టుకున్న దరఖాస్తు 2016లోను తిరస్కరింపబడ్డాయి. సొరాఫెనిబ్ పేటెంటు గడువు 2020లో ముగిసింది.

అదే సంవత్సరం ప్రచురితమైన ఐఎమ్‌బ్రేవ్ 150 పరీక్షలో అటిజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ మందులను కలిపి వాడినవారిలో 67.2 శాతం మంది, సొరాఫెనిబ్ వాడినవారిలో 54.6 శాతం మంది ఏడాది జీవించారు. దీనితో కాలేయ క్యాన్సర్ ప్రథమ చికిత్సలో సొరాఫెనిబ్ స్థానం తగ్గింది. అయితే కొత్త మందులు ఖరీదైనవి కావడం వలన, 2012లో చర్చకు వచ్చిన ధర సమస్య ఇంకా తీరలేదు.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి ప్రాంగణంలో నాట్కో ట్రస్టు సహకారంతో క్యాన్సర్ చికిత్సా కేంద్రం ఏర్పడింది.