కొండ కింద చలం

1950 ఏప్రిల్ 14. తిరువణ్ణామలై. చీకటి పడ్డా వేడి తగ్గలేదు. రమణాశ్రమంలో ఓ చిన్న గది. మంచం మీద రమణ మహర్షి. ఎడమ చేతికి పుట్టిన కణితి నాలుగు ఆపరేషన్లకీ లొంగలేదు. బయట వరండాలో భక్తులు 'అరుణాచల శివ' అందుకున్నారు. ఆయన కళ్లు తెరుచుకున్నాయి. కంటికొస నుంచి నీళ్లు జారాయి. రాత్రి 8 గంటల 47 నిమిషాలు. ఊపిరి ఆగింది. అదే క్షణాన ఆకాశంలో ఓ వెలుగు అరుణాచలం కొండవైపు మెల్లగా సాగిపోయింది.

మహర్షిని నమ్ముకుని బెజవాడ వదిలి, కుటుంబంతో ఆ ఊరు చేరిన తెలుగు రచయిత ఒకాయన ఉన్నాడు. ఆయన వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఇప్పుడెక్కడికి పోతాడు?

ఆయన గుడిపాటి వెంకట చలం.

నమ్మింది కూలిపోవడం చలానికి కొత్త కాదు. తండ్రి చేతుల్లో దెబ్బలు తినే తల్లిని చూస్తూ పెరిగి, కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు పరుగెత్తి, అక్కడా మనసు విరిగి, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊరూరా తిరుగుతూ, 1927లో 'మైదానం' నవల రాసి, లోకం చేత చీవాట్లు తిని, ఆ గాయాలన్నీ లోపలే మోసుకుంటూ 1936లో మిత్రుడు చింతా దీక్షితులు వెంట తొలిసారి ఈ కొండ దగ్గరికొచ్చాడు. అయినా అలజడి చల్లారలేదు. దాన్నంతా ఎక్కడ పోశాడు?

తన ఆలోచనల పుస్తకం 'మ్యూజింగ్స్'లో. అందులో కథ లేదు. దాక్కోడానికి పాత్రలూ లేవు. ప్రేమకోసం తపన, ఒంటరితనం, ఈశ్వరుడితో తగాదా, అన్నీ తన నోటితోనే చెప్పుకున్నాడు. 'మైదానం'కన్నా ఎక్కువ ధైర్యం కావలసిన పని ఇదే. అక్కడ నాయిక రాజేశ్వరి నిందలు మోసింది. ఇక్కడ మోయాల్సింది తనే.

మహర్షి లేడు. చలం వెనక్కి పోతాడని ఎవరైనా అనుకుంటారు.

పోలేదు. 1953లో మద్రాసు రాష్ట్రం చీలి ఆంధ్ర వేరైంది. 1960లో చిత్తూరు జిల్లా తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దులు జరిగాయి. చలం జరగలేదు. కూతురు సౌరిస్ తోడుగా, కొండ కిందే ఉండిపోయాడు. 1979 మే 4న అక్కడే కన్నుమూశాడు.

'మైదానం' ఒక్కటే చదివి చలాన్ని మెచ్చుకున్నవాళ్లూ, తిట్టినవాళ్లూ ఒక్కసారి 'మ్యూజింగ్స్' తెరవండి. తీర్పు ఆ తర్వాత చెప్పండి.