పుంగనూరు రోమను సన్న్యాసులు

శ్రీహరికోట దీవికి తూర్పున సముద్రము, పడమట పులికాటు సరస్సు. ఆ సరస్సు దక్షిణపు కొనయందలి పళవేర్కాడు రేవున 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దిగి వర్తకమును, దానితోపాటు తమ గుడిని నెలకొల్పుకొనిరి. 1610లో డచ్చివారు వచ్చిరి. క్రైస్తవము ఓడలపై వచ్చిన సరకని మనవారిలో నాటుకొనిన యభిప్రాయమునకు ఇట్టి రేవులే మూలము.

ఇది పామరుల మాట యని త్రోసివేయరాదు. కార్ల్ రానర్ అను జర్మను కతోలిక వేదాంతి, తానే యేసుసభ గురువయ్యును, 1979లో ఇంచుమించుగా ఈ మాటనే యనెను. శ్రీసభ చిరకాలము ఐరోపా మతమును మార్పు లేక ఇతర ఖండముల కెగుమతి చేయు వర్తకసంఘమువలె నడచినదనియు, 1962 మొదలు 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభతోనే అది సర్వలోకమునకు చెందినది కానారంభించెననియు ఆయన తలంపు. లాటినుకు బదులు దేశభాషలలో పూజ జరుగుట దానికొక గురుతు.

ఈ యభియోగమును చిత్తూరు సీమలోని పుంగనూరునకు గొనిపోయి పరీక్షింతము. 18వ శతాబ్దారంభమున పుదుచ్చేరినుండి ఫ్రెంచి గురువులు అచ్చటికి వచ్చిరి. పిమ్మట అనంతపురపు సీమలోని కృష్ణాపురమునకును బోయిరి. వీరికి మార్గదర్శి రాబర్టు డి నోబిలి. ఆయన 1606లో మధుర చేరి, కాషాయము ధరించి, మాంసము మాని, తమిళమును తెలుగును సంస్కృతమును నేర్చెను. జందెము, పిలక, గంధము కులాచారములే గాని మతచిహ్నములు కావని వాదించెను. 1623లో పోపు 15వ గ్రెగొరీ అందుల కనుమతించెను. పుంగనూరువారును అట్లే రోమను సన్న్యాసులై వర్తించిరి. 1732లో వచ్చిన కూర్దూ అను గురువు తెలుగు నేర్చి, సంస్కృతమునకు గ్రీకు లాటినులతోడి చుట్టరికమును 1767లోనే పారిసు పండితులకు వ్రాసెను. విలియం జోన్సు ఉపన్యాసము 1786 నాటిది. కీర్తి మాత్రము జోన్సుకే దక్కినది!

వీరిని ఎగుమతి వర్తకులనుట అన్యాయము. కాని జందెము లోకాచారమే యని యొప్పుకొన్నవారు అంటరానితనమును ఏమనవలెను? అదియు లోకాచారమే యనిరి. ద్విజుల గౌరవము పొందగోరిన సన్న్యాసి పల్లెలో కాలు పెట్టరాదు గదా. పోపు దూతగా వచ్చిన టూర్నాన్ 1704లో పుదుచ్చేరిలో నిషేధించిన యాచారములలో నొకటి మా మనస్సును కలచినది: పరయల యిండ్లలో రోగి మరణావస్థ నున్నను గురువులు ఆ గడప దాటి సంస్కారము లిచ్చుటకు సమ్మతింపకుండుట. క్రీస్తు కుష్ఠురోగిని తాకెనని బోధించువారి యాచార మిది. వాదము నలువదేండ్లు సాగెను. తుదకు 1744లో పోపు 14వ బెనెడిక్టు శాసనము వెలువడునప్పటికి కుదిరిన యుపాయ మేమనగా, పరయలకు వేరుగా గురువులను నియమించుట! గడప దాటబడినది, గోడ నిలిచినది.

కనుక రానర్ చెప్పినది సగమే యని మా యభిప్రాయము. పరాయిదగుట యొక దోషమే. ఆ దోషమును పోగొట్టుకొనబోయి, ఈ దేశపు మంచిచెడులలో ఏది యెత్తుకొనవలెనో యెరుగక యెత్తుకొనుట రెండవది. ఇందుకు పుంగనూరు మతమునే నిందించి మనము తప్పించుకొనరాదు. వారు కనుగొనిన గోడ మన తాతలు గట్టినదే.

దాని ఫలము నేటికాలమునకును వచ్చినది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులములలో హిందువులనే చేర్చెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవమున కులము లేదుగదా యని వాదము. గుడిలో మాత్రము అది యున్నదని 2016లో భారత కతోలిక పీఠాధిపతులే తమ దళిత విధానపత్రమున నొప్పుకొనిరి. ఒప్పుకొనుటకు ధైర్యము కావలెను. మన మఠములును దేవస్థానములును అంతమాత్రము వ్రాసి యిచ్చునా?

2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిసు, కర్నూలు సీమలో పుట్టి హైదరాబాదునకు అగ్రపీఠాధిపతియైన పూల ఆంథోనిగారిని కార్డినలుగా జేసెను. తెలుగువారిలోను దళితులలోను ఆ పదవి నందినవారు ఆయనయే మొదటివారు. ఆ వార్త విని మే మానందించితిమి. పుంగనూరునకు సన్న్యాసులు వచ్చిన మూడువందల యేండ్లకు గాని 'మొదటి' యను మాట వ్రాయుట కెవరికిని అవకాశము కలుగలేదు.