విడియా అనే పేరు ఎక్కడిది? పలక రాయి నుంచి సర్క్యూట్ బోర్డు దాకా కోత బిట్ల కథ

గిద్దలూరు నుంచి మీ ముందుకు మళ్ళీ వచ్చేశాను.

ఇంట్లో చిన్న సీఎన్సీ పెట్టుకుని సర్క్యూట్ బోర్డులు కోసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ బిట్ కొనాలి?" లింకు పెట్టేసి ఊరుకోవచ్చు. కానీ ఆ బిట్ అలా ఎందుకు తయారైందో తెలిస్తే, రేపు ఇంకో బోర్డుకి ఇంకో బిట్ మీరే ఎంచుకుంటారు. అందుకే ఈరోజు ఎపిసోడ్ చరిత్ర.

ముందు ఒక మాట. మన వైపు లేత్ షాపుకి వెళ్ళి గట్టి టూల్ కావాలంటే "విడియానా?" అని అడుగుతారు. ఈ విడియా తెలుగు కాదు, హిందీ కాదు, ఇంగ్లీషూ కాదు. జర్మన్ భాషలో "వీ డియామాంట్" అంటే "వజ్రంలా" అని అర్థం. ఆ రెండు మాటల ముందు అక్షరాలు కలిపి పెట్టిన బ్రాండ్ పేరు అది. వజ్రంలాంటి పనిముట్టు అన్నమాట.

దీని పుట్టుక కరెంటు బల్బు దగ్గర ఉంది. బల్బులో వెలిగే సన్నటి తీగ టంగ్‌స్టన్‌ది. ఆ తీగని సన్నగా లాగడానికి వజ్రానికి రంధ్రం పెట్టి, అందులోంచి లాగేవాళ్ళు. వజ్రం ఖరీదు కదా! దాని బదులు ఇంకేదైనా దొరుకుతుందా అని జర్మనీలో ఓస్రామ్ అనే బల్బుల కంపెనీ వెతికింది. అక్కడ పనిచేసే కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలో కొంచెం కోబాల్ట్ కలిపి, నొక్కి, వేడిచేశాడు. 1923లో పేటెంట్ వేశారు. క్రుప్ కంపెనీ దాన్ని తీసుకుని విడియా పేరుతో 1927లో లైప్‌జిగ్ సంతలో చూపించింది. ఇటుక గోడకి ఇసుక, సిమెంటు ఎలాగో, దీనికి కార్బైడ్, కోబాల్ట్ అలాగ. గట్టితనం కార్బైడ్‌ది, పట్టు కోబాల్ట్‌ది.

అంతకుముందు రాజ్యం ఎవరిది? హైస్పీడ్ స్టీల్‌ది. షాపులో హెచ్‌ఎస్‌ఎస్ అంటారే, అదే. అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరు దాన్ని తయారుచేస్తే, 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎర్రగా కాలినా పదును పోదు. ఇనుము కోయడానికి ఇప్పటికీ మంచిదే. అయితే గాజు ముందు మాత్రం నిలవదు.

గాజు ఎందుకొచ్చింది అంటారా? ఇక్కడే మన సర్క్యూట్ బోర్డు కథ మొదలవుతుంది.

వియన్నాలో పుట్టిన పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు 1936లో లండన్ చేరాడు. అప్పటి రేడియోల్లో వైర్లన్నీ చేత్తోనే అతికేవాళ్ళు. ఆయన ఒక పలక మీద రాగి రేకు అంటించి, అక్కర్లేని రాగి తీసేసి, మిగిలిన గీతలనే వైర్లుగా వాడాడు. యుద్ధంలో ఫిరంగి గుండ్లలో పెట్టే ఫ్యూజుల కోసం అమెరికా సైన్యం ప్రింటెడ్ సర్క్యూట్ల బాట పట్టింది. 1948లో మామూలు వాడకానికి కూడా వదిలింది. మన దగ్గర చూస్తే, 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్.రావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఆయన పేరు మీదే ఏఎస్‌రావు నగర్. 1969కల్లా ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్ బయటికి తెచ్చింది.

ఫ్యాక్టరీల్లో రాగిని మందుతో కరిగిస్తారు కాబట్టి గీతలకి బిట్ అక్కర్లేదు. రంధ్రాలకే కావాలి. మొదట్లో బోర్డులు కాగితానికి ఫినాలిక్ జిగురు పట్టించి చేసినవి. గోధుమ రంగులో ఉంటాయి, పేరు ఎఫ్ఆర్1. వాటికి స్టీల్ డ్రిల్ చాలు. తర్వాత గాజు నార, ఎపాక్సీ కలిపిన ఎఫ్ఆర్4 వచ్చింది. గాజు నార స్టీల్ అంచుని ఆకురాయిలా అరగదీసేస్తుంది. అందుకే బోర్డుల ఫ్యాక్టరీలు కార్బైడ్ డ్రిల్స్‌కి మారాయి. ఇప్పుడు మీరు ఆన్‌లైన్లో కొనే 3.175 మిల్లీమీటర్ల కాడ ఉన్న బిట్లు ఆ ఫ్యాక్టరీల కొలతే. అంగుళంలో ఎనిమిదో వంతు అది.

మరి కెమికల్ లేకుండా గీతలు కూడా కోసేద్దాం అనే ఆలోచన? 1976లో జర్మనీలో ఎల్‌పీకేఎఫ్ అనే కంపెనీ ఇదే పనికి పుట్టింది. పేరులోనే సర్క్యూట్ బోర్డు మిల్లింగ్ ఉంది. తర్వాత అమెరికాలో ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ మొదలుపెట్టిన ఫ్యాబ్ ల్యాబులు ఈ పనిని విద్యార్థుల బల్ల మీదకి తెచ్చాయి. వాటిలో తొలినాటి ల్యాబ్ ఒకటి మహారాష్ట్రలో పాబళ్ అనే పల్లెటూళ్ళో, విజ్ఞాన్ ఆశ్రమంలో వచ్చింది. అంటే ఈ విద్య పెద్ద సిటీ వాళ్ళదే అనుకోకండి. 2009లో గర్బల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక, ఆర్డ్యునో బోర్డు ఒకటి చాలు, మిషన్ నడుస్తుంది.

ఇప్పుడు ఎంచుకోవడం. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లే. కాబట్టి 0.1 మిల్లీమీటరు లోతు కోస్తే చాలు. దీనికి వాడేది వి-బిట్, పెన్సిల్ మొనలాంటిది. మొన 0.1 ఉంటే, ఆ లోతులో 30 డిగ్రీల బిట్ గాడి వెడల్పు దాదాపు 0.15 మిల్లీమీటర్లు. 60 డిగ్రీలదైతే 0.22, 90 డిగ్రీలదైతే 0.3. బోర్డు ఒక మూల 0.1 పైకి లేచిందనుకోండి. 30 డిగ్రీలతో గాడి 0.05 మాత్రమే వెడల్పవుతుంది. 90 డిగ్రీలతో 0.2 పెరిగి, పక్క గీతని తినేస్తుంది. అలాగని 30 డిగ్రీలే గొప్ప అనుకోవద్దు, దాని మొన తొందరగా విరుగుతుంది. కార్బైడ్ వంగదు, టక్కున విరుగుతుంది. చిన్న కాళ్ళ ఐసీలకి 30, మామూలు ఐసీలకి 60. కోసేముందు బోర్డు ఎత్తుపల్లాలు మిషన్‌తోనే కొలిపించి సరిచేయండి. రంధ్రాలకి 0.8, 1.0 కార్బైడ్ డ్రిల్స్. బోర్డు అంచు కోయడానికి ఒకేసారి లోతుకి దింపకుండా, పొరలు పొరలుగా దింపండి.

ఇక అసలు మాట. మనది పలకల సీమ. మార్కాపురం పలక పట్టుకోని తెలుగు పిల్లాడు ఒకప్పుడు అరుదు. మన నేల కింద ఉన్న ఆ రాతిపొరలకి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో కూడా మన కంభం ఉంది. ఆ రాయి ఉలి పెట్టి కొడితే పొరలుగా విడిపోతుంది. కానీ రంపం పెట్టి కోస్తే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. మధ్యప్రదేశ్ మందసౌర్‌లో బలపాల పనివాళ్ళు రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో చిన్న వయసులోనే ఎలా పోయారో, 1970ల నుంచి డాక్టర్లు రాసిపెట్టారు. మిషన్ వచ్చాక పని తొందరగా అయింది. కానీ దుమ్ము కూడా అంతే తొందరగా లేచింది.

మన ఎఫ్ఆర్4 దుమ్ము సిలికోసిస్ తెప్పించదు, భయపెట్టడానికి ఆ మాట అనను. కానీ గాజు నార చర్మాన్ని, కళ్ళని, గొంతుని, ఊపిరితిత్తుల్ని గుచ్చుతుంది. చిన్న గదిలో కిటికీ మూసుకుని, పక్కనే తమ్ముడు పడుకుని ఉండగా కోయడం తగదు. ఫ్యాబ్ ల్యాబుల్లో ఎఫ్ఆర్1 కాగితపు బోర్డే వాడమనడానికి కారణం ఇదే. ప్రాణానికీ మంచిది, బిట్ కూడా ఎక్కువ రోజులు వస్తుంది. ఎఫ్ఆర్4 తప్పదంటే ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు, మిషన్ చుట్టూ పెట్టె, తడిగుడ్డతో తుడవడం. నోటితో ఊదొద్దు. చీపురుతో ఊడవొద్దు. మొద్దుబారిన కార్బైడ్ బిట్‌ని గ్రైండర్ మీద సానపట్టొద్దు, ఆ కోబాల్ట్ పొడి ఊపిరితిత్తులకి చెడ్డది.

కాబట్టి ఏ బిట్ అని అడిగేముందు ఏ బోర్డు అని అడగండి. నేర్చుకునే వాళ్ళు ఎఫ్ఆర్1 తో, 60 డిగ్రీల వి-బిట్లు ఒక ఐదు తీసుకుని మొదలుపెట్టండి. మీ ఇంట్లో గానీ, మీ ఊళ్ళో గానీ పలకల పని చేసిన పెద్దవాళ్ళు ఉంటే, రాయి కోసేటప్పుడు దుమ్ము కోసం ఏం చేసేవాళ్ళో అడిగి కామెంట్లో రాయండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటాను మరి.