ఆంగ్లమున పూర్ణతావాచకముల పూర్వవృత్తాంతము

ఆంగ్లభాషలో అతిశయమును దెలుపు పదములయందు నేడు అగ్రస్థానము వహించిన 'వెరీ' అను శబ్దము ఇంగ్లండు మట్టిలో పుట్టినది కాదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వము ఆ కార్యమును 'స్విథె' అను ప్రాచీనపదము నిర్వహించుచుండెను. 'బలముగా' అని దాని మూలార్థము. విజేతల ఫ్రెంచిభాష రాజసభలను, న్యాయస్థానములను ఆక్రమించిన పిదప ఆ పదము క్రమముగా క్షీణింపగా, 'ఫుల్', 'రైట్' అనునవి కొంతకాలము దాని పీఠము నధిష్ఠించి, తుదకు 'సత్యమైన' అను అర్థముగల ఫ్రెంచిపదమునుండి వెలసిన 'వెరీ'కి చోటిచ్చి వెనుకకు తగ్గినవి. 14వ శతాబ్దమున, చాసరు మహాకవి నాటికి, దానియందు సత్యార్థము సజీవముగనే యుండెను. తరువాతి తరములలో అది కరగిపోయి 'మిక్కిలి' యను భావము మాత్రము నిలిచెను. ఒక జాతి తన మాటకు బలము చేకూర్చుకొనుటకై సత్యము నాశ్రయించుట నాకెంతయు మనోహరముగ తోచును.

'పర్ఫెక్ట్' చరిత్ర వేరు. తుదిముట్ట చేయబడినదను లాటిన్ భావముతో బయలుదేరి, ఫ్రెంచివారి నోట 'పార్ఫిట్'గా మారి ఇంగ్లండు చేరిన ఆ పదమునకు, ప్రాచీనవిద్యల పునరుజ్జీవనకాలమున పండితులు లాటిన్ వర్ణక్రమమును మరల తొడిగిరి. జనులును క్రమముగా ఆ కకారమును పలుకసాగిరి. పండితుల లేఖిని సామాన్యుల నాలుకను దిద్దిన అరుదైన సందర్భమిది. దేశ్యమైన 'హోల్' అను పదమున కట్టి మార్పు కలుగలేదు. తొలుత ఆరోగ్యవంతమను అర్థముతో జీవించిన ఆ మాటకు 15వ శతాబ్దమున ఆదిని చేరిన 'డబ్ల్యూ' అక్షరము నేటికిని ఉచ్చారణకెక్కలేదు.

19వ శతాబ్దమున భయవాచకములైన 'ఆఫుల్లీ', 'టెరిబ్లీ' అనునవియు 'వెరీ' వంటి అతిశయవాచకముల పంక్తిలో చేరి, భీతిని విడిచి, ప్రశంసావాక్యములందు సైతము నిస్సంకోచముగ సంచరింపసాగెను.