యూజీన్ అజే: పారిస్ వీధుల ఛాయాచిత్రకారుడు

ఓస్మాన్ 1853–70 మధ్య పారిస్ పాత వీధులను కూలగొట్టించి విశాలమైన రహదారులు వేయించాడు. ఆ కూల్చివేతల తర్వాత మిగిలిన పాత నగరాన్ని మనకు చూపినవాడు యూజీన్ అజే (1857–1927). నావికుడిగా పనిచేసి, నాటకాల్లో చిన్న వేషాలు వేసి, చివరికి ఫోటోలతో పొట్టపోసుకున్నాడు. తన పనిని కళ అనలేదు. ఇంటి తలుపు మీద 'కళాకారులకు పత్రాలు' అని బోర్డు పెట్టాడు. చిత్రకారులు, గ్రంథాలయాలవారు వచ్చి కొనుక్కునేవారు.

ఆయన ఫోటోల్లో వీధులు తరచుగా నిర్మానుష్యంగా ఉంటాయి. అది చూసి అక్కడ జనం లేరని రాసేయకండి. 18×24 సెంటీమీటర్ల గాజు పలక, ముక్కాలి పీట మీద బరువైన కెమెరా, తెల్లవారుజాము వెలుతురు. పలక మీద బొమ్మ పడటానికి కొన్ని సెకన్లు పట్టేది. ఆలోగా నడిచిపోయినవారు పొగలా మిగిలేవారు, లేదా అసలే కనిపించేవారు కారు. కదలకుండా నిలబడినవారే దక్కారు: దీపాల గొడుగులు అమ్మేవాడు, వీధి గాయని, చిత్తుగుడ్డలు ఏరుకునేవారు. పరికరం ఏమి పట్టలేదో అడగకుండా ఛాయాచిత్రాన్ని ఆధారంగా వాడటం, నా దృష్టిలో, చరిత్రకారుడు చేయకూడని పని.

1920లో సుమారు 2,600 నెగెటివ్‌లను 10,000 ఫ్రాంకులకు ఫ్రెంచి ప్రభుత్వానికి అమ్మాడు. 1926లో అధివాస్తవికుల పత్రిక ఆయన ఫోటోను ముఖచిత్రంగా వేసింది. తన పేరు వేయవద్దని ఆయనే కోరాడు. మరుసటి ఏడాది అమెరికన్ ఛాయాచిత్రకారిణి బెరెనీస్ ఆబట్ ఆయన చిత్రం తీసింది. ప్రింటు చూపడానికి వెళ్లేసరికి ఆయన మరణించాడు. ఆయన దగ్గర మిగిలిన ఫోటోలను, పలకలను ఆమె కొని అమెరికా తీసుకువెళ్లింది. 1968లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాటిని కొన్నది.